నీలి మోడులు

నెలలో రెండో శనివారం, ఉదయం ఎనిమిది.
అయోవా జనవరి ఎలాంటిదంటే
ఫ్లాస్కు మూత తీసేలోగా కాఫీ మనసు మార్చుకుంటుంది.
మేం ఏడుగురం. రంపాలు ఎనిమిది.
ఎనిమిదోది పోయినేడు పోయిన ఎల్డన్‌ది.
దాన్ని ఎవరూ ముట్టుకోరు,
ఎవరూ వదిలేసీ రారు.

ఊళ్ళో అడుగుతారు, అక్కడ ఏం పీకుతున్నారని.
పీకడం కాదు,
గడ్డి కోసం చెట్లు కొడుతున్నాం అంటే
ఇంకా నవ్వుతారు.

పొదల నడుమ ఒక బర్ ఓక్ ఇరుక్కుని ఉంది
కిక్కిరిసిన రైలుపెట్టెలో మోచేతులు ముడుచుకున్న పెద్దమనిషిలా.
ఎండిన కింది కొమ్మలు మాత్రం
ఇంకా అడ్డంగా, బారలు చాచే ఉన్నాయి.
ఒకప్పుడు చుట్టూ ఏమీ లేదని,
ఎండంతా తనదేనని
అదొక్కటే సాక్ష్యం.

వెర్నా హౌగ్‌స్టాడ్‌కి డెబ్భై ఒకటి.
ఆమె కోస్తున్న ముళ్ళగులాబీ వరస
వాళ్ళ నాన్న నాటిందే.
యాభై ఎనిమిదిలో సర్కారువాళ్ళు మొక్కలు ఊరికే ఇచ్చారు,
ఆవు దాటదు, పంది దూరదు, తీగ ఖర్చు మిగులుతుందని.
ఆవు దాటలేదు.
పిట్టలు దాటాయి,
గింజల్ని కడుపులో పెట్టుకుని.

ఆమె ఇదేదీ కోపంగా చెప్పదు. కోస్తుంది.
కోసిన మోడు మీద మందు పూస్తుంది.
ఏది అయిందో ఏది మిగిలిందో తెలియడానికి
మందులో నీలిరంగు కలుపుతాం.
ఈ కుంచె పూసింది ఏదీ
మళ్ళీ పూయదు.

మార్చిలో, గాలి చూసుకుని, నిప్పు పెట్టాం.
చాన్నాళ్ళకి సొంతింటికి వచ్చిన మనిషిలా
అది ఏ మూలా తడుముకోకుండా నడిచింది.
మూడు వారాలకి, నల్లటి నేల మీద
సూదిమొన లాంటి పచ్చదనం.
లెక్కపెడదామని మోకాళ్ళ మీద కూర్చున్నాను.
నూట పన్నెండు దగ్గర తప్పిపోయాను.

జూన్‌లో చివరి పొద దగ్గర వెర్నా ఆగింది.
లోపల గూడు, నాలుగు గుడ్లు.
కత్తెర మూసి జేబులో పెట్టుకుని
"చలికాలం చూద్దాం" అంది, నాన్నతో అన్నట్టు.

అక్టోబర్‌లో విత్తనాలకి పాత శ్మశానానికి వెళ్ళాం.
ఈ చుట్టుపక్కల నాగలి దిగనిది అక్కడొక్కచోటే.
సమాధిరాళ్ళ మధ్య బ్లూస్టెమ్ గడ్డి
నడుమెత్తున, ఎర్రగా.
కంపాస్ మొక్క గింజల్ని అరచేతిలో పోసుకుని
పదహారేళ్ళ ఎల్మిన్ అడిగాడు,
ఇవి ఎప్పుడు పూస్తాయని.
"ఎనిమిదేళ్ళు. పదీ కావచ్చు.
ముందు వేరు దిగాలి, మనిషి నిలువుకి మించి."
వాడు మనసులో కూడిక వేయడం ఆమె చూసింది.
"ముప్పై ఏళ్ళు ఈ రోడ్ల మీద ఉత్తరాలు పంచానబ్బాయ్.
ఒక్కటీ నా పేరున లేదు."

డిసెంబర్‌లో మంచు మీదే గింజలు చల్లాం.
గూడు ఖాళీ. పొద అడుగున కాండం
మణికట్టంత లావు.
వెర్నా రెండుసార్లు రంపం లాగి
వేళ్ళు రుద్దుకుంది.
ఎల్మిన్ వెళ్ళి ట్రక్కు వెనక నుంచి
ఎనిమిదో రంపం తెచ్చాడు.
ఎవరం ఏమీ అనలేదు.

పొద ఒరిగాక వాడే అన్నాడు,
పళ్ళు మొద్దుబారిపోయాయని.
"సోమవారం సానపట్టిస్తాను" అంటూ
ఆమె కుంచె ముంచింది.