ముప్పై రెండు రూపాయలు

దేవరకొండ డిపోలో ముప్పై ఏండ్లు టికెట్లు చింపిన చేతులివి.
రిటైరయినంక సంఘం పద్దు రాయమని ఇచ్చిండ్రు.
నోట్ల ముఖాలన్నీ ఒకవైపుకు పేర్చుడు,
చప్పుడును బట్టి బిళ్ళలు ఏరుడు
నాకు ప్రార్థన కంటే బాగ వచ్చు.

క్రిస్మస్ ముందటి ఆదివారం, కానుకల వేలం.
మర్రిగూడ అవతల మా రేకుల గుడి నిండ
పత్తి పోగులంటిన చీరలు,
బత్తాయిల బస్తా, కాళ్ళు కట్టిన పుంజు,
కొత్త కందులు,
ఏడాదంత పొయ్యికాడ పిడికెడు పిడికెడు
తీసిపెట్టిన బియ్యం:
కోటాబియ్యం, సన్నాలు, నూకలు
అన్నీ ఒక్క గంపలనే.

ఇదంతా ప్రిస్కిల్ల కోసం.
డిండి అవతలి తండాలకు
వారంల మూడు దినాలు పోయే పిల్ల.
మంచంబట్టినోళ్ళ పక్కన కూసుంటది,
పిల్లలకు అక్షరాలు దిద్దిపిస్తది,
అడిగినోళ్ళకు వాక్యం చెప్తది.
మేమిచ్చిన నెల జీతం, ఇయ్యని నెల ఉత్త దండం.
బండి టైరు నున్నగ అరిగి, గీతల్లేని అరచెయ్యి లెక్కుంది.

ఆఖరుకు ఈదమ్మ వచ్చింది.
ముందు కట్టె వచ్చింది,
తర్వాత నడుము, ఆ తర్వాత ముఖం.
బోరు నీళ్ళు తాగి వంగిన ఊరు మాది.
ఇప్పుడు ఇంటింటికి నల్లా వచ్చింది గని
ఎముకలు పాత నీళ్ళనే యాదుంచుకున్నయి.
మెడ పైకి లేవదు.
గుడి మీద కట్టిన కాగితం నక్షత్రాన్ని
ఏ ఏడూ చూడలేదామె.
కొంగు ముడి విప్పి ఒక గుడ్డు తీసింది.
ఇంకా వెచ్చగుంది.

"ఒకటే గుడ్డు, పది రూపాయలు!"
జక్కరయ్య పాస్టరు పాట మొదలుపెట్టిండు.
ఇరవై అన్నడు గిర్నీ యోబు.
నా చెవుల మాత్రం ఇంకో గొంతు:
"సారూ, నా చిల్లర."

తొంభై ఆరో, ఏడో. నల్లగొండ బస్సు.
చంకల జరం పిల్లతోని దవాఖానకు పోతున్నది.
టికెట్ ఎనక ఎనిమిది అని రాసి సున్న చుట్టిన.
దిగేటప్పుడు అడిగింది. లేదన్న.
సంచి నిండ చిల్లర గలగలమంటనే ఉంది.
రైట్ రైట్ అన్న.
ఎనక అద్దంల ఆమె చిన్నగయింది.
అప్పుడు నిటారుగ ఉండె.

"ముప్పై రెండు" అన్న.
గుడంత నవ్వింది. ఇదేం లెక్క సారూ, ముప్పై ఐదనరాదు!
"ముప్పై రెండు. ఎనిమిది నాలుగులు."
పాస్టరు నా ముఖం చూసి,
మూడుసార్లు పలుకకుండనే ఖాయం చేసిండు.

గుడ్డు తిరిగి గంపల పెట్టిన, మళ్ళ పాటకు.
యోబు కొని తిరిగిచ్చిండు.
పత్తేరే ఆడోళ్ళు ఆరుగురు కలిసి కొని తిరిగిచ్చిండ్రు.
పొద్దు నెత్తిమీదికొచ్చేసరికి ఆ గుడ్డు
ఒక టైరు, ఒక ట్యూబు, రెండు నెలల పెట్రోలయింది.
ఎవ్వరూ పగలగొట్టలే.

ప్రార్థన ఈదమ్మను చెయ్యమన్నరు.
అందరం తలలు వంచినం.
ఆమెకు వంచే పని లేదు.
"అయ్యా, గుట్టకాడ కుక్కలుంటయి, పిల్ల ఒక్కతే వస్తది.
నువ్వు బండెనక కూసో.
తండల సక్కుబాయికి దగ్గు తగ్గించు.
ఇచ్చెటందుకు మాకు ఇంకింత ఇయ్యి. ఆమెన్."

లేస్తుంటే చూసిన.
బల్ల ముందర పిల్లలు పేర్చిన పశువుల తొట్టి,
గడ్డిల మట్టి బొమ్మ.
మేమంత నక్షత్రం దిక్కు చూసుకుంట
దాన్ని తొక్కబోయినం.
ఆమె కండ్లు సరిగ్గ అంత ఎత్తులనే ఉన్నయి.
చలిపెడ్తదన్నట్టు
వేలితోని బొమ్మ మీదికి గడ్డి జరిపింది.

రాత్రి పద్దు రాసిన.
ముప్పై రెండు ఎదురుంగ పేరు రాయలే.
ఇస్తే తీరుతదనుకున్న. తీరలే.
చెప్పాల్సిన మాట ఇంకా సంచిల గలగలమంటనే ఉంది.

ఎల్లుండి పండుగ. పాటలు పాడుకుంట
ఇల్లిల్లు తిరుగుతం, ఆమె గుడిసెకూ పోతం.
అక్కడ ఆమె కండ్లకాడికి దిగి చెప్పాలె.
నా నడుముకు ఏ రోగమూ లేదు.
వంగుడొక్కటే రాదు.