ఒక్క పేరుకే గడి

తార్మో వచ్చిన రోజు కోత్కా రేవులో మంచు ఇంకా విరగలేదు.
బూట్లు గుమ్మం దగ్గరే విప్పి
ఉన్ని మేజోళ్లతో నా ముందు కూర్చున్నాడు.
కుడికాలి మడమ దగ్గర వేరే రంగు నూలు అతుకు.
"హిల్క్కా వేసింది" అన్నాడు, నేనడక్కుండానే.

ఆ అతుకునే వైద్యానికి పిలుద్దామనుకున్నాను.

కంప్యూటరు ఒప్పుకోలేదు.
మా భాషలో అతడికీ ఆమెకీ ఒకటే మాట,
మా ఫారంలో మాత్రం ఒక్క పేరుకే గడి.
ఇద్దరొస్తే బిల్లు ఎవరి పేరున రాయాలని
హెల్సింకీకి ఫోన్ చేశాను.
ఇరవై నిమిషాలు పియానో వినిపించారు.

"జంటలతో మాట్లాడే శిక్షణ ఉందా నీకు?" అంది మేనేజరు.
ఉంది. రెండు రోజులు. పదకొండేళ్ల కిందట.
కాఫీ బాగుందని గుర్తు.

తార్మోకి కాగితం మిల్లులో రాత్రి డ్యూటీ,
హిల్క్కాకి వృద్ధాశ్రమంలో పగలు.
వాళ్లు కలుసుకునేది మెట్ల మీద,
తాళంచెవి చేతులు మారేంత సేపు.
నా గది నాలుగింటికి మూసేస్తారు.

ఫోన్ చేస్తే హిల్క్కా అంది:
"తాగింది ఆయన. మందు నాకా?"
దీనికి జవాబు పుస్తకంలో ఉంది.
చదివి వినిపించబుద్ధి కాలేదు.
కాసేపాగి, గొంతు తగ్గించి,
"శుక్రవారాలు నేనూ రెండు గ్లాసులు తాగుతాను.
అదీ చెప్పాలా అక్కడ?"

ఆయన లేనప్పుడే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది.
అడిగాను: "ఆయన పక్కన కూర్చుని నిజం చెప్పాలంటే భయమా?"
అవతల కెటిల్ మరుగుతోంది,
చాలాసేపు అదొక్కటే మాట్లాడింది.
"ఆయన చెయ్యెత్తే మనిషి కాదు" అంది చివరికి.
"భయం కాదు. సిగ్గు.
ఇరవై ఆరేళ్లుగా పక్కింటివాళ్లకి
ఆయనకి మైగ్రేన్ అని చెబుతున్నాను."

ఏప్రిల్లో ఒక మంగళవారం, మూడూ యాభైకి,
అపాయింట్‌మెంటు లేకుండా వచ్చింది.
ఆశ్రమం యూనిఫాం మీదే కోటు.
నడవాలోంచి కుర్చీ నేనే మోసుకొచ్చాను,
దాని ఒక కాలు పొట్టి.
బూట్లు విప్పలేదు హిల్క్కా. భర్త ముఖం చూడలేదు.
పాదాల వైపు చూసి,
"ఎడమది కూడా చిరిగింది" అంది.
తార్మో కాలు వెనక్కి లాక్కోబోయి, ఆగి,
అలాగే ఉంచాడు.

నాలుగైంది. కారిడార్లో దీపాలు వాటంతటవే ఆరిపోయాయి.
ఆ పది నిమిషాల్ని ఎక్కడ నమోదు చేయాలో తెలియక
"ఇతరములు" అన్న గడిలో రాశాను:
మేజోడు.