అసలు, వడ్డీ

మోరితా గారిది ప్రతి శుక్రవారం ఒక్కటే ప్రశ్న:
ఈ బెంగళూరులో అసలైన సుషీ ఎక్కడ?

బిడదిలో కంప్రెసర్ల కంపెనీకి నేను దుబాసీని.
పగలంతా ఆయన మాటని కన్నడం చేసి
లైన్లో వాళ్ళ మాటని జపనీస్ చేసి
రాత్రికి నా తెలుగు మిగిలిందో లేదో
నాలుక మీద తడుముకుని చూసుకునేదాన్ని.
ఈ ప్రశ్నకి మాత్రం ఏ భాషలోనూ జవాబు దొరకలేదు.

సముద్రం మూడువందల యాభై కిలోమీటర్లు.
మనమేమో మూడువేల అడుగుల ఎత్తున, రాతి మీద.
చేప ఇక్కడికి రాత్రంతా ప్రయాణం చేసి
తెల్లారుతూ దిగుతుంది, మా అందరిలాగే.

అయినా వెతికాం.
ఇందిరానగర్‌లో గుమ్మం దాటగానే
పనివాళ్ళంతా ఒక్కసారి జపనీస్‌లో అరిచారు.
దయచేయండి అనబోయి దయ్యం చేయండి అన్నట్టుంది.
ఆయన నవ్వలేదు, తల వంచి నమస్కరించారు.
వైట్‌ఫీల్డ్‌లో గాజుమూత తీస్తే పొగ,
చేపకి దిష్టి తీసినట్టు.
ఇంకోచోట వసాబీ అని పెట్టింది నాకు చిన్నప్పట్నించీ తెలుసు:
ఆవ. అరటిదూట కూరలో వేసే ఆవే,
ఆకుపచ్చ చొక్కా తొడుక్కుంది.
కోరమంగలలో పైన మామిడిపండు, మయొనైజు, వేయించిన సేమ్యా.

నిజం చెప్తున్నా, ఆ మామిడిపండుది మొత్తం నేనే తిన్నాను.
అసలు కంటే వడ్డీ ముద్దు కదా.
ఆ సామెత ఆయనకి చెప్పబోయి
బ్యాంకు దగ్గరే ఇరుక్కుపోయాను.
ఆయన సానుభూతిగా అన్నారు:
మా దేశంలో వడ్డీ చూసి చాలా ఏళ్ళయింది.

చేపని చూడకు, అన్నాన్ని చూడు
అన్నారొకసారి, సిల్క్‌బోర్డ్ దగ్గర
కారు నలభై నిమిషాలు కదలనప్పుడు.
మొలగొలుకుల మడి గట్టు మీద పెరిగినదాన్ని,
నాకా అన్నం గురించి!
అయినా విన్నాను.
మెతుకుని మెతుకు పట్టుకోవాలి, నలపకూడదు.
వేడి ఒంటి వేడంత, తాకినా తెలియనంత.
నోట్లోకి వెళ్ళాక మాత్రం
పెళ్ళి భోజనాలయ్యాక చుట్టాల్లాగా
ఎవరి దారిన వాళ్ళు.

ఆగస్టు, వాన.
దొమ్మలూరులో టైర్ల కొట్టు మీద మేడ,
మెట్లకి గ్రీజు.
ఎనిమిది కుర్చీలు, ఒక్క చెక్క బల్ల,
బల్ల వెనక ఐజాల్ కుర్రాడు సాంగా.
మొదటి ఏడాదంతా బియ్యం కడిగాడట.
ఎందుకు కడిగాడో రెండో ఏడాది అర్థమైందట.
గోడ మీద పలకపై సుద్దరాతలు:
శిరాడి ఘాటులో మట్టి జారింది.
లారీ రాలేదు.
ఈరోజు చేప లేదు.

నాకు తల కొట్టేసినట్టయింది.
కారు వెనక్కి తిప్పమని నంజుండకి ఫోన్ తీశాను.
మొన్నటిది ఫ్రిజ్‌లో ఉందేమో అడుగు, అన్నారాయన.
అడిగాను.
సాంగా చేతులు తుడుచుకున్నాడు.
ఉంది, మా పిల్లి కోసం.
మీకైతే కోడిగుడ్డు, కీరదోస, ఊరిన ముల్లంగి.
అన్నం ఇప్పుడే కలిపాను.
పొల్లు పోకుండా అనువదించాను, పిల్లితో సహా.

మోరితా గారు ఆ పలకని చాలాసేపు చదివారు.
తర్వాత చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నారు,
చెక్క మీద గీత పడుతుందని.
రెండేళ్ళలో పదకొండు హోటళ్ళు.
ఒక్కచోటా ఆయన గడియారం తియ్యలేదు.

కూర్చున్నాం. కింద ఏదో టైరులోంచి
గాలి మెల్లగా పోతోంది.
సాంగా చెయ్యి తడుపుకుని అన్నం తీసుకున్నాడు,
రెండుసార్లు నొక్కాడు, అంతే.
గుడ్డు ముక్కని ఆయన ముందు పెట్టి
కొంచెం అటువైపు తిప్పాడు.

మోరితా గారిది ఎడమచేతివాటం.
నేను చెప్పలేదు. అతను అడగలేదు.
గడియారం ఏ మణికట్టు నుంచి ఊడిందో చూశాడు.