పాలు విరిగేలోగా

గంటంటే ఏందో నాకు పాలు నేర్పించినాయి.
భాకరాపేట కనుమ ఎక్కేలోగా ఎండ ముదిరితే
క్యాన్ మూత కిందే విరిగిపోతాయి.

ఆ తెల్లారి పాలు పోసేకాడ
మొగిలప్ప క్యారియరు చేతిలో పట్టుకోనే
కూలబడినాడు.
చలికాలం. చొక్కా పిండేటట్టు తడిసింది.
"గ్యాసురా, సోడా తాపండి" అన్నారు.
"వాము నమలమను" అన్నారు.
ఎడమ చెయ్యి లాగతా ఉందని ఆయన అన్నది
ఎవురూ ఇనిపించుకోలే.

సిగ్నలు గుండు మీదనే దొరుకుతుంది.
ఎక్కి చేస్తే, 108 ఇంకా పీలేరు దాటలేదంట.

పదకొండు క్యాన్లు రోడ్డు పక్కన దించేసి
ఆ జాగాలో మనిషిని పండబెట్టినా.
పెండ్లాం సుగుణమ్మ ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకోని
"ఎంత దూరం నాయనా" అని
ఒక్కసారే అడిగింది.

ఎర్రావారిపాళెం ఆస్పత్రిలో నర్సు షంషాద్
ఎదకు వైర్లంటించి
వచ్చిన కాగితాన్ని ఫొటో తీసి తిరపతికి పంపింది.
ఆ గీతలు నాకేం తెలుసు,
మా కనుమ దావ మాదిరే ఉండాయి.
ఫోన్లో డాక్టరు గొంతు:
"గడ్డ కరిగే సూది. ఇప్పుడే వెయ్యి."
ఆయమ్మ చెయ్యి వణకలే.
నాది వణికింది.

తర్వాత 108 వచ్చింది, ఎక్కించుకోని పోయింది.

పొద్దెక్కినాక డెయిరీలో సూపర్‌వైజరు
మూత తీసి మొహం తిప్పుకున్నాడు.
లేటని రాసినాడు, నా జీతంలో.
రాసుకోనీ సామీ.
లేటయింది పాలే.

సీటు కింద ఆ సోడా సీసా
మలుపు మలుపుకీ దొర్లుతా ఉంది.
పారేద్దామనుకుంటా, పారెయ్యను.
మళ్ళా ఎవురన్నా గ్యాసంటే
చూపీయాల.