సన్మాన పత్రంలో ఒక మాట

అసోసియేషన్ వాళ్ళు చెప్పారు:
నాలుగు పేరాలు చాలు, రెండు నిమిషాల్లో అయిపోవాలి.
శాలువా, దండ, పళ్ళబుట్ట వేరేవాళ్ళు చూసుకుంటారు.
మాటలు నా వంతు.

రాశాను.
నిస్వార్థ సేవామూర్తి, మాతృమూర్తి, అలుపెరుగని...
ఏటేటా పెరంబూరు సభకి రాసేవే,
పేరొకటి మార్చాలంతే.
ఈసారి పంకజమ్మ. డెబ్బై మూడేళ్ళు.
వన్నారపేటలో రవికలు కుట్టి కుట్టి
చూపు సగం సూదిబెజ్జంలో పోగొట్టుకున్న మనిషి.

రాశాక ఎందుకో మనసొప్పక
ఒక బుధవారం పొద్దున స్టాన్లీ ఆస్పత్రికి వెళ్ళాను.

సూళ్ళూరుపేట బండి దిగినవాళ్ళు
ఎక్స్‌రే కవర్లు చంకన పెట్టుకుని
తమిళ బోర్డుల కింద తలలెత్తి నిలబడ్డారు.
వాళ్ళను వెతుక్కుంటూ ఒక గొంతు వచ్చింది:
"యా ఊరు మీది? తడా? చీటీ తీసినారా?"

డాక్టరు కుర్రవాడు. తలెత్తకుండా అడిగాడు,
వలి ఎంగే?
పెద్దాయన ఏదో గొణిగాడు.
పంకజమ్మ దాన్ని అట్లాగే అందించెయ్యలేదు.
వెనక్కి తిరిగి ఆయన్నే అడిగింది:
పోటా, సలుపా?
చురుక్కుమని పోతుందా, రాత్రంతా పీకుతుందా?
మంటా? తిమ్మిరా?
లేచేటప్పుడు కలుక్కుమంటుందా?

పెద్దాయన కళ్ళు మూసుకుని
తన ఒంట్లోకి తానే దిగి చూసుకున్నాడు.
"పీకుడమ్మా" అన్నాడు,
పోయిన వస్తువేదో చేతికి తగిలినట్టు.
దానికి తమిళం ఆమెకూ తెలియలేదేమో,
పిడికిలి మూసి నెమ్మదిగా మెలితిప్పి చూపించింది.
డాక్టరు కలం ఆపి
మొదటిసారి ఆయన ముఖం చూశాడు.

నా నాలుగు పేరాల్లో
'బాధితులు' అని ఒక్కసారి ఉంది.

ఆదివారం సభ గంటన్నర ఆలస్యం.
ముగ్గురు మాట్లాడిందాకా ఆమెను నిలబెట్టే ఉంచారు.
నేను చదువుతున్నాను.
'అలుపెరుగని' దగ్గరికొచ్చేసరికి
మైకుకి అందనంత మెల్లగా అంది:
"అది కొట్టెయ్ నాయినా.
అలుపు ఉండాది."

అప్పటికే చప్పట్లు.
నేను తర్వాతి పేరాలోకి వెళ్ళిపోయాను.
కొట్టెయ్యాలన్నా లామినేషన్ మీద పెన్ను పట్టదు
అని ఇంటికెళ్ళేటప్పుడు బస్సులో
నాకు నేనే చెప్పుకున్నాను.

నెల తర్వాత మళ్ళీ వెళ్ళాను, ఊరికే.
ఓపీ వరండాలో ఆమె ఒళ్ళో
నా పత్రం, బోర్లా.
దాని మీద ఏదో దరఖాస్తు,
దరఖాస్తు మీద నాయుడుపేట ఆడమనిషి బొటనవేలు.
"అట్ట గట్టిగా ఉండాది, రాసుకోను బాగుంది"
అంది పంకజమ్మ, మెచ్చుకోలుగానే.

పక్కన కూర్చున్నాను.
కాలు చాపుకుంటుంటే అడిగాను:
"మోకాలా?"
"ఊఁ."
"పోటా, సలుపా?"

నవ్వుతుందనుకున్నాను.
కళ్ళు మూసుకుంది, ఆ పెద్దాయన లాగే,
చూసుకుంటోంది.

ఇంతలో లోపల్నించి
అరవై రెండో నంబరు పిలిచారు.