కింద ఒగ్గేసిన జాగా

ఏడాదికోసారి, వానలు వెనకబట్టాక,
ఉలి, సన్నకుంచె, నల్లరంగు డబ్బా సంచీలో వేసుకుని
అల్లిపురంలో బస్సెక్కుతాను.
కోస్టల్ బ్యాటరీ దగ్గర దిగితే
రాయి సముద్రానికి ఎదురుగా నిలబడి ఉంటుంది.
ఉప్పుగాలి ముందు పొల్లుల్ని తింటుంది,
తర్వాత సున్నల్ని.

చెక్కింది నేనే.
అక్షరానికి ఇంతని బేరం.
ఒత్తులకి వేరే కట్టాలని ఆఫీసులో తగువాడేను.
అవి పేర్లని అప్పటికి తట్టలేదు.

గనగళ్ల ఎల్లాజీ పేరులో లావొత్తు మర్చిపోయాను.
మూడోనాడు వాళ్ళమ్మొచ్చింది, మనవరాల్ని వెంటబెట్టుకుని.
"మావోణ్ణి అలా పిలవనేదు బాబూ మేం."
రాతి మీద చెరపడం ఉండదు.
ఇరుకులోనే ఇరికించాను;
ఇవాళ్టికీ ఆ ఒత్తు
కొంగు పట్టుకున్న పిల్లాడిలా పై అక్షరాన్ని వదలదు.

బనమాలి నాయక్ తమ్ముడు బరంపురం నుంచొచ్చి
ఒడియాలో కావాలన్నాడు.
సిగరెట్టు పెట్టె మీద గుండ్రాలు గీసిచ్చేడు.
చదవడం రాని పేరుని
బొమ్మ చెక్కినట్టు చెక్కాను.

ఆఖరి నుంచి రెండో వరస: పేరు తెలియని స్త్రీ.
ఆమె దగ్గర దొరికినవి
ఒక తాళంచెవి, ముప్పావు కిలో చిక్కుళ్ళు.
ఆ తర్వాత చాన్నాళ్ళు
ఏ వీధిలో నడిచినా తాళాలకేసే చూసేవాణ్ణి.

ఈసారి మెట్టు మీద ఒకాయన కూర్చున్నాడు.
పొట్లంలో మురీ మిక్చరు,
పక్కన విప్పి పెట్టిన కాలు.
"కిందనింత జాగా ఎందుకు ఒగ్గేసేరు?"

చెప్పక తప్పలేదు.
ఇద్దరు కేజీహెచ్‌లో ఉన్నారు, రెండు వరసలుంచమన్నాడు ఇంజనీరు.
ఇరవయ్యో రోజున మైలపిల్లి తాతారావు వచ్చి చేరేడు.
రెండో ఆయన రాలేదు.

"రాకపోడమేటి, ఒచ్చేను గదా" అన్నాడు.
లేచి, ఒంటికాలి మీద నిలబడి,
ఆ నున్నటి చోట అరచెయ్యి ఆనించేడు.
ఐసు ఫ్యాక్టరీలో పనట. "ఇది అంతకన్నా సల్లన" అన్నాడు.

నేను కుంచె ముంచేను.
"ముందు ఆవిడ వరస పుయ్యండి.
బస్సులో నా పక్కనే కూకుంది.
సిక్కుళ్ళు రేటెక్కువైపోనాయంది.
పేరు సెప్పింది, ఊరు సెప్పింది.
నేను కిటికీలోంచి సూస్తా ఊ కొట్టేను.
ఆస్పత్రిలో కళ్ళు తెరిసేసరికి
ఊ కొట్టడవొకటే మిగిలింది."

అలలు రాళ్ళకి తగిలి వెనక్కి పోతున్నాయి.

"ఇక్కడ కూకుంటే గుర్తొస్తాదేమోనని ఒస్తంటాను.
మా వీధిలో గౌరమ్మలు, అప్పయ్యమ్మలు అందర్నీ పిలిసి సూసేను.
ఏదీ ఆవిడ గొంతులో పలకట్లేదు.
ఆ జాగా అలాగుండనీండి.
నాకు కాదు."

పూయడం అయిపోయింది. పొద్దు వాలింది.
ఆయన కళ్ళు మూసుకుని
పెదాలు మాత్రం కదుపుతున్నాడు.
ఆఖరి బస్సుకి టైమైంది.
నేను డబ్బాకి మూత పెట్టలేదు.