పొయ్యిలో పిల్లి

రాత్రి రెండింటికి బయట మైనస్ ముప్పై ఏడు.
వ్యాగన్లలో బొగ్గు రాయై కూచుంది.
అడుగు తలుపు తెరిచినా రాలదు.
యార్డులో ఆరుగురు
పెద్ద సుత్తులతో బతిమాలుతున్నారు దాన్ని.

మూడో మిల్లు గొంతు పూడింది,
ఈ షిఫ్టులో ఇది నాలుగోసారి.
మున్‌ఖ్‌జుల్ తెర మీంచి కళ్ళు తిప్పకుండా అంటుంది:
"ఫీడర్ తిరుగుతోందక్కా, బొగ్గు రావట్లేదు."
తిరగడం వేరు, రావడం వేరు.
ఇరవై రెండేళ్ళలో నేను నేర్చిన చదువంతా ఇంతే.

ఉప్పు వేసిన పాల టీ ఫ్లాస్కులోనే ఉంది.

నగరానికి పోయే నీళ్ళు నూట పద్దెనిమిది డిగ్రీలుండాలి.
నూట తొమ్మిది ఉన్నాయి.
హీటింగ్ నెట్‌వర్క్ నుంచి దులామ్ ఫోను
పావుగంటకోసారి.
ఆవిడ తిట్టదు. అంకె చదివి పెట్టేస్తుంది.
తిట్టినా బాగుండేది.

అందుకే నాలుగో బాయిలర్ ఈ రాత్రే వెలగాలి.
గొట్టం పగిలి తొమ్మిది రోజులుగా చల్లబడ్డ
పన్నెండంతస్తుల పొయ్యి.
అతుకులు వేశాం, నీళ్ళ ఒత్తిడి పెట్టి చూశాం,
ఐదు సంతకాలు అయ్యాయి.
చివరి గడి ఒక్కటే ఖాళీ:
"లోపల ఎవరూ లేరు."

ఈ గడిని కంప్యూటరుకి వదలం.
మనిషే వెళ్ళాలి,
మ్యాన్‌హోల్లో తల దూర్చి మూడుసార్లు కేకేయాలి,
కేకకీ కేకకీ నడుమ
ఊపిరి బిగబట్టి వినాలి.

చోయ్‌జిల్ వెళ్ళాడు.
అతని మొదటి కేక ఆ ఇనప కడుపులో
దొర్లి దొర్లి రేడియోలోకి తిరిగొచ్చింది.
రెండో కేక కూడా అంతే.
మూడో కేకకి ఎవరో పలికారు.

తలలు లెక్కపెట్టించాను.
వెల్డర్లు ముగ్గురూ ఉన్నారు.
పరంజా విప్పినవాళ్ళు నలుగురూ ఉన్నారు.
"మనిషి కాదు," అంది రేడియో. "పిల్లి."

పొయ్యిలో పిల్లి లేవలేదంటే
ఆ ఇంట వంట లేదని అర్థం.
ఇక్కడ పిల్లి లేవకపోతే
నలభై వేల ఇళ్ళు.

నిజం చెప్తాను,
ఒక్క క్షణం లెక్క వేశాను.
అటు తొమ్మిది డిగ్రీలు, ఇటు ఒక పిల్లి.
లెక్క తేలికే, పెన్ను గడి మీదే ఉంది.
కానీ ఆ గడిలో "మనుషులెవరూ లేరు" అని లేదు,
"ఎవరూ లేరు" అని ఉంది.
ఫారం రాసిన పుణ్యాత్ముడెవరో
ఒక్క మాట తక్కువ రాశాడు.

బూడిద తొట్టి అంచున,
పక్క బాయిలర్ గోడ వెచ్చదనానికి ముడుచుకుని ఉందట.
రమ్మంటే రాదు. ఎందుకొస్తుంది?
ప్లాంటు బయట గొట్టాల మీద కుక్కలు పడుకుంటాయి,
పిల్లికి అక్కడ చోటివ్వరు.
చోయ్‌జిల్ నడుముకి తాడు కట్టుకుని దిగాడు,
జేబులోని గొర్రెమాంసం ముక్క చూపిస్తూ.
రేడియో మీట వదలడం మరిచాడు,
అంతా మాకు వినబడుతోంది:
గుర్రాన్ని మచ్చిక చేసుకునే మాటలు.
పిల్లులతో ఏమనాలో అతనికి తెలీదు.

నూట ఆరు, అంది దులామ్.
మళ్ళీ, నూట నాలుగు.
"ఏమైంది?" అని మొట్టమొదటిసారి అడిగింది.
"బోల్టు బిగుసుకుంది," అన్నాను.

రెండూ నలభై ఒకటికి మూత పడింది.
ఫ్యాన్లు ఐదు నిమిషాలు పొయ్యిని ఊది కడిగాయి.
మొదటి చమురు బర్నరు దగ్గి, దగ్గి, అంటుకుంది.
ఇక బొగ్గు పట్టుకునేదాకా
గాజు కంతలోంచి నారింజరంగు వణుకుని చూస్తూ
నించున్నాను, టీ చేతిలో చల్లారుతుంటే.

ఏడున్నరకి షిఫ్టు మార్పిడి. నూట పన్నెండు.
చోయ్‌జిల్ కోటు బొత్తాల మధ్య బూడిదముఖం ఒకటి,
అసలు రంగేదో ఇంకా తెలీదు.
అతను ఉండేది కొండవాలు గెర్‌లో.
మా వేడినీళ్ళ గొట్టం ఆ కొండ ఎక్కలేదు.
రాత్రంతా ఊరిని కాచి,
దారిలో బొగ్గు మూట కొనుక్కుని వెళ్ళి
తన పొయ్యి తను రాజేసుకోవాలి.
"ఈపాటికి చల్లారి ఉంటుంది," అన్నాడు,
"దీనికి బాగా నచ్చుతుంది."

లాగ్‌బుక్‌లో రాశాను:
ఆలస్యం ముప్పై ఒక్క నిమిషాలు.
కారణం, మ్యాన్‌హోల్ బోల్టు.
కింద సంతకం పెట్టి గ్లవ్స్ తొడుక్కుంటుంటే
పగటి షిఫ్టు ఇంజనీరు చదివి, టార్చి తీసి,
ఏ బోల్టో చూపించమన్నాడు.